బూజు బస్తా

"లతీఫా, జల్ది! గా మూలకున్న బస్త మీద కూసో. సారొస్తుండు. అడిగితే కాలు బెణికిందను," గుమ్మంలోంచే కేకేశాడు సేటు సదానందం.

పొద్దున్నుంచి మిరపకాయల తొడిమెలు తీసి మండుతున్న ఆమె చేతులకు ఇప్పుడు కొత్త తొడుగులు, నెత్తికి తెల్ల టోపీ. మెట్‌పల్లిలోని ఆ కారం గిర్నీలో ఆహార తనిఖీ అంటే పెళ్లిచూపులే. ముందురోజే కబురొస్తుంది. నేల కడుగుతారు, గోడకు సున్నం వేస్తారు. పైన పటారం, లోన లొటారం. బూజు పట్టిన మిర్చి బస్తాలను దాచే చోటు లేక వాటిమీద ఆడకూలీలను కూర్చోబెడతారు. ఆడమనిషిని లేవమని ఏ ఆఫీసరూ అనడని సేటు ధీమా. ఆ ధీమా ఇన్నేళ్లలో ఒక్కసారీ చెడలేదు.

లతీఫున్నీసా కూర్చుంది. మొగుడు పోయాక ఈ కూలితోనే ఆమె ఇల్లు గడుస్తోంది. ఎదురుగా, ఆ బూజు మిర్చి కలిపి నిన్న ఆడించిన కారం ప్యాకెట్లు ఆటోకెక్కుతున్నాయి.

"గవి ఎటు పోతున్నయ్ బాలవ్వా?" పక్క బస్తా మీదున్న ఆమెను అడిగింది.

"జగిత్యాల హాస్టల్‌కట. నీ బిడ్డ సదివేది గాడనే గదా?"

లతీఫున్నీసా కూతురు నౌషీన్ ఉండేది ఆ హాస్టల్‌లోనే. మొన్న ఫోన్‌లో ఏడ్చింది. "అమ్మీ, కూరల బూజు వాసనొస్తుంది. కడుపుల నొస్తుంది." "నఖరాలు చెయ్యకు, పెట్టింది తిను," అని తనే కసిరింది. ఇప్పుడు ఆ బూజును కప్పి కూర్చున్నదీ తనే. సిగ్గుతో, కోపంతో ఆమె ఒళ్లు మండిపోయింది.

ఇన్‌స్పెక్టర్ లింగమూర్తి వచ్చాడు. గోడలు మెచ్చుకున్నాడు, చాయ్ తాగాడు, సేటు అందించిన మంచి కారాన్నే పరీక్షకని సీసాలో పట్టుకున్నాడు. "అంత మంచిగనే ఉన్నది సేటూ," అంటూ లేచాడు.

లతీఫున్నీసా కూడా లేచి నిలబడింది.

"కాలు బెణికింది గదా, కూసో!" సేటు పళ్లు కొరికాడు.

ఇన్‌స్పెక్టర్ చూపు బస్తా మీద పడి చటుక్కున పక్కకు తప్పుకుంది. "కూసోమ్మా. నా పని ఐపోయింది," అన్నాడు.

లేవమని ఏ ఆఫీసరూ ఎందుకు అనలేదో ఆమెకప్పుడు అర్థమైంది.

"ఐపోలే సారూ. గిది సూసినంకనే పోవాలె." మూతి తాడు పట్టి లాగి, బస్తాను ఒక్క తోపు తోసింది. నల్లబడ్డ మిరపకాయలు కడిగిన నేలంతా పరుచుకున్నాయి.

"రేపటిసంది పనికి రాకు!" సేటు అరిచాడు.

"రాను. గని గా ఆటో గూడ ఈడికెల్లి కదలది."

ఆమె వెళ్లి ఆటోకు అడ్డంగా నిలబడింది. వెనకాల బాలవ్వ, లేవడానికి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించింది.