గిన్నె కింది పేజీలు

ఛీ, వీడూ ఒక మనిషేనా, అన్నమీద పగతో అన్న పిల్లల్ని వీధిపాలు చేస్తాడా, అనుకుంటూ ఆమె సూదిలోకి దారం ఎక్కించబోయి రెండుసార్లు తప్పింది, బైండింగు గది నిండా పులిసిన జిగురు కంపు, ఎదురుగా కూతురు పరీక్షకని ఒక పాత ఇంగ్లీషు నవల చదివి తెలుగులో చెబుతోంది, కథంతా ఆ ఇంటి దాదే చెబుతుందమ్మా, అయితే నిజమే అయ్యుంటుంది, కళ్లారా చూసిన మనిషి కదా, ఆ తమ్ముడి మొహం మండా, ఇంతకీ ఆసుపత్రికి వెళ్తున్నావా, ఈ మాట తన నోట్లోంచి ఎందుకొచ్చిందో, వెళ్తే బస్సు కింద పడుతుందేమో, అంతకన్నా ఘోరం, మంచంమీదున్న దీని మేనత్త నోరు విప్పుతుందేమో, నేనెందుకు వెళ్తానమ్మా, నాన్న పోయిన నెలకే మనల్ని వానలో గెంటేసిన మనిషి, ఇప్పుడు పోయేలోపు నన్ను చూడాలట, హమ్మయ్య, అనుకుందో లేదో జిగురులో పడి కొట్టుకుంటున్న ఈగ కనబడి సూదిమొనతో దాన్ని పైకి తీసింది.

అమ్మా, ఇదేంటి, నూటపన్నెండు తర్వాత నూట ఇరవైతొమ్మిది ఉంది, నువ్వు కుట్టిందేగా, అయిపోయింది, ఉద్యోగం ఊడింది, లైబ్రేరియన్ నిలువునా చీరేస్తాడు, పదహారు పేజీలు ఎక్కడికి పోతాయి, అయ్యో, ఒరిగిపోతున్న జిగురు గిన్నె కింద ఎత్తు పెట్టింది తనే, కూతురు వాటిని లాగి, అంటుకున్న చోట గోటితో విడదీసి, చదువుతూ చదువుతూ పకపకా నవ్వింది, చూశావా, వెండి గిన్నెలు దొంగిలించింది దాదేనట, నేరం తమ్ముడిమీదకి తోసి అతణ్ణి ఇంట్లోంచి వెళ్లగొట్టించిందట, ఈ టక్కులాడిని నమ్మి పాపం వాణ్ణి తిట్టిపోశావు కదే అమ్మా.

నవ్వకే, అంటూ ఆ పేజీలు లాక్కుంది, పెళ్లివారికి ఎడమచేత్తో తను రాసిన ఆకాశరామన్న ఉత్తరం, ఆడపడుచుకి మూర్ఛరోగమని, తన వంటకి నలుగురిలో వంకపెట్టిందన్న ఉక్రోషంతో, కుదిరిన పెళ్లి ఆ ఒక్క కవరుతో పెటాకులైంది, మళ్లీ కుదరనే లేదు, రాసిందెవరో తెలిసిన రోజే కదా ఆవిడ తమని గెంటింది, ఆ రోజు వాన కూడా లేదు, ఎండ మాడ్చేసింది, వాన తనే కలిపింది, అయిదేళ్ల పిల్లకి ముద్దముద్దకీ కలిపి పెట్టింది, థూ, ఆ దాది నయం, అబద్ధాలు పరాయివాళ్లకి చెప్పింది, కన్నబిడ్డకి కాదు, చెప్పులేసుకోవే, నేనూ వస్తున్నా, దారిలో నీకొకటి చెప్పాలి, ఏంటమ్మా అలా ఉన్నావు, ఏం లేదు పద, ఆవిడ తమని ఒక్కసారే గెంటింది, తను పదిహేనేళ్లుగా ఆవిణ్ణి ఈ పిల్ల మనసులోంచి రోజూ గెంటుతోంది, పగబట్టింది ఆవిడ కాదు, తనే.