తపస్సు కాలంలో ఎల్వీనియా ఊపిరి

1951 ఫిబ్రవరి మూడో తేదీ, శనివారం. అంతకు ముందు వారమంతా మంచువాన కురిసి తురకవేప కొమ్మలు విరిగిపడ్డాయి. ఆ రోజు ఎండ వచ్చింది గానీ వేడి రాలేదు. వరి కోసిన మళ్ళ మీదుగా ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతోంది. చూరుకి పట్టిన మంచు కరిగి టపటపా రాలుతోంది.

శనివారం కాబట్టి లాన్స్ గ్రీ అనే ఆ నల్లవాళ్ళ పల్లె జనం పొద్దున్నే ఎల్వీనియా లెమెల్ ఇంటికి చేరారు. ఆ ఇంటి ముందుగదిలో ఒక మంచం తప్ప సామాను ఉండదు, తక్కినదంతా పాటకీ ఆటకీ వదిలేసిన జాగా. గోడ వెంట కుర్చీలు, వంటింట్లో నల్ల కాఫీ, పెద్ద కుండలో గంబో పులుసు. ఇద్దరు ఫిడేళ్ళు తెచ్చారు. ఒకతను గీకి వాయించే గరుకు రేకు మెడకి తగిలించుకుని చెంచాలు తుడుచుకుంటున్నాడు. ముక్కోణపు చువ్వ వాయించేది మాత్రం ఎప్పుడూ ఎల్వీనియా అన్న సిప్రియానే. గడ్డి పోగుచేసే బండి పళ్ళు పీకి వంచిన చువ్వ అది. అలాంటి ఇనుము ఇప్పుడు దొరకదు. ఇప్పటి చువ్వలు చెంబు మీద గరిటె పెట్టి కొట్టినట్టు మోగుతాయి. ఆ సంగతి అలా ఉంచుదాం.

అకార్డియన్ ఆ ఇంటిదే. ఎల్వీనియా మొగుడు పోతూ పోతూ వదిలి వెళ్ళిన జర్మనీ సరుకు. నవంబరు నుంచి అది ఆగలేదు, ఎందుకంటే ఎల్వీనియా దానితోనే ఊపిరి పీల్చుకుంటోంది.

చనిపోయినవాళ్ళ పండుగకి సమాధులకు సున్నం వేసి వచ్చిన సాయంత్రం ఆవిడకి జ్వరం తగిలింది. కొన్నాళ్ళకి జ్వరం దిగింది గానీ దానితోపాటే ఊపిరీ దిగిపోయింది. చివరిసారిగా వింటుందని, ఊళ్ళో అకార్డియన్ వాయించే లియాండర్ పాపియోన్ మంచం పక్కన కూర్చుని ఒక వాల్ట్జ్ పాట ఎత్తుకున్నాడు. అకార్డియన్ తిత్తి తెరుచుకుంటే ఆవిడ రొమ్ము లేచింది, మూసుకుంటే దిగింది. అతను ఆపితే ఆగింది. డాక్టరు చెవుల్లోంచి గొట్టం తీసి, "ఆపకండి" అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. సిప్రియాన్ వాయించగలిగిన వాళ్ళందరికీ వంతులు వేశాడు. పాలు పిండడానికి వంతులున్నట్టే ఇదీ ఒక వంతు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు వాయిస్తే ఆవిడకి వెక్కిళ్ళు వచ్చేవి. కొడుకు క్లెటస్ చెయ్యి బరువు, అతని వంతులో గురక పెట్టేది. గురువారాలు ఎరాస్ట్ విడ్రిన్ వచ్చేవాడు. అతను వాగు అవతలి తెల్లవాడు, కేజన్ జాతి. మంచి వాయిద్యగాడే గానీ నెమ్మది అంటే ఏమిటో తెలీదు.

"ఏమయ్యా ఎరాస్ట్, నన్నెక్కడికి పరిగెత్తిస్తున్నావు? నీ ఆవు గానీ తప్పిపోయిందా?" అని ఎల్వీనియా రొప్పుతూ అడిగేది. తిత్తి మూసుకునేటప్పుడే ఆవిడ మాట్లాడగలిగేది, అందుకని మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి.

"అలవాటు పిన్నీ. మా వాళ్ళు నెమ్మదిగా వాయిస్తే డబ్బులివ్వరు."

పట్నంలో వాళ్ళిద్దరూ ఒక బెంచీ మీద కూర్చునే వీల్లేదు. ఇక్కడ ఆవిడ ప్రాణం అతని చేతుల్లో ఉండేది.

లియాండర్ వాయిస్తే మాత్రం హాయిగా నిద్రపోయేది. అతను ఇతరుల వంతులు కూడా అడిగి పుచ్చుకునేవాడు. అతను వచ్చేది ఎల్వీనియా కోసమే కాదని, కూతురు ఓజెమీ కోసమని అందరికీ తెలుసు. ఓజెమీకి ముప్ఫై దగ్గర పడుతున్నాయి. ఈస్టర్ కాగానే పెళ్ళి అని మాట అయిపోయింది. అతను మల్లెట్ ఊరికి వెళ్ళే దారిలో రెండు గదుల ఇల్లు కట్టి తలుపులకి నీలం రంగు కూడా వేశాడు.

ఆ శనివారం ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. వచ్చే బుధవారం విభూది బుధవారం. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాల తపస్సు కాలం మొదలు.

తపస్సు కాలంలో లాన్స్ గ్రీ వాళ్ళు వాద్యం ముట్టరు. అకార్డియన్ డబ్బాలోకి పోతుంది, ఫిడేలు దిండు గలీబులోకి. మాంసం, మిఠాయి, నాట్యం అన్నీ మూసిపెట్టి, ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం గుడి గంట కొట్టగానే పెట్టినవి పెట్టినట్టు తెరుస్తారు. మూసింది మూసినట్టే ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఆగలేక వాయించినవాళ్ళ కథలు మాత్రం ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. చక్కని కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు గుమ్మంలోకి వస్తాడు, నాట్యం అడుగుతాడు, కిందికి చూస్తే బూట్లుండవు, గిట్టలుంటాయి. సిప్రియాన్ మేనమామ ఒకాయన అలా వాయించి, ఆ పైన చచ్చేదాకా గుర్రాన్ని చూస్తే వణికేవాడు. గుర్రాలు లేకుండా వ్యవసాయం ఎలా చేశాడంటారా, చెయ్యలేదు, అమ్ముకున్నాడు.

"మంగళవారం పొద్దు వాలగానే," అంది ఎల్వీనియా, తిత్తి మూసుకున్నంత సేపు. మళ్ళీ తెరుచుకుని మూసుకున్నాక, "డబ్బాలో పెట్టెయ్యండి."

ఊరంతా మంగళవారం అర్ధరాత్రి దాకా ఆడుతుంది. ఆవిడ లెక్కలో మాత్రం పొద్దు వాలితే రోజు అయిపోయినట్టే.

"పెట్టేస్తే నువ్వు..." అంది ఓజెమీ.

"నేను పుట్టాక ఈ ఇంట్లో తపస్సు కాలంలో ఒక్క స్వరం పలకలేదు. నా ఒక్క దాని కోసం ఈ గడప మీదికి వాణ్ణి పిలుస్తారా?"

"నేను వాయిస్తానత్తా. ఆ పాపమేదో నా నెత్తిన పడనీ," అన్నాడు లియాండర్. అతని వేళ్ళు ఆగలేదు.

"నీ నెత్తి నాకెందుకు? రేపు నా కూతురి పక్కన పడుకునేవాడివి. గిట్టలవాణ్ణి వెంటబెట్టుకుని పడుకుంటావా?"



వంతు మారాక లియాండర్ వంటింట్లోకి వెళ్ళాడు. ఓజెమీ కాఫీ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

"ఆవిడ మాట వినకు. నేను చూస్తూ ఊరుకోలేను," అన్నాడు.

"నువ్వు వాయిస్తే నిన్ను చేసుకోవడానికి భయం. వాయించకపోతే ఆ తర్వాత నీ మొహం చూడటానికి భయం. నన్నేం చెయ్యమంటావు?"

అప్పుడు సిప్రియాన్ గుమ్మంలోంచి, "వాద్యం వద్దన్నారు. చేతులు వాద్యమా? కాళ్ళు వాద్యమా?" అన్నాడు. "మా చిన్నప్పుడు ఈ రోజుల్లో జూరే కట్టేవాళ్ళం. చప్పట్లు, నేల మీద పాదాలు, నోటి పాట. గుడి గురువులు కూడా కాదనేవారు కాదు."

"దానితో అమ్మకి ఊపిరి వస్తుందా మామయ్యా?"

"తెలీదే తల్లీ. నేనింతవరకు చప్పట్లతో ఎవరినీ బతికించలేదు."

ఎల్వీనియాని అడిగితే, "కొట్టుకోండి. చేతులు మీవి," అంది.

మంగళవారం, ఉపవాసాల ముందు ఏటా ఇల్లిల్లూ తిరిగే ముసుగు రౌతులు వచ్చారు. రంగులేసిన జల్లెడ మొహాలు, కోసుగా టోపీలు, గుర్రాల మీద కేకలు, గంబోకి కోడి ఇమ్మని పాట. ఏటా ఓజెమీ పకపకా నవ్వేది. ఈసారి గుమ్మం పట్టుకుని నిలబడి, ఒక్కొక్కడూ గుర్రం దిగుతుంటే కాళ్ళకేసి చూసింది. అన్నీ బూట్లే. ఒకడు మాత్రం గుర్రం దిగలేదు. వాడి కాళ్ళు రికాబుల్లో, బురద కొట్టుకుని ఉన్నాయి. వాళ్ళు వెళ్ళాక కూడా ఆమెకి ఆ బురదే కళ్ళముందు ఆడింది.

పొద్దు వాలింది. గది నిండా జనం. ఎరాస్ట్ కూడా వచ్చి టోపీ చేత్తో పట్టుకుని ద్వారం దగ్గర నిలబడ్డాడు. లియాండర్ వాయిస్తున్నాడు. కిటికీలో ఎరుపు పోయినా వాయిస్తూనే ఉన్నాడు. ఎల్వీనియా కూతురి వంక చూసింది. ఓజెమీ వెళ్ళి అతని రెండు చేతుల మీదా తన చేతులు పెట్టి తిత్తి మూసింది, తోలు పట్టీ బిగించింది, డబ్బాలో పెట్టి మూత వేసింది.

నిశ్శబ్దం అంటే ఏమిటో ఆ ఇల్లు నవంబరు నుంచి మరిచిపోయింది.

సిప్రియాన్ మొదటి చప్పట కొట్టాడు. తర్వాత అందరూ. పాదాలు నేలని దంచాయి, పలకల సందుల్లోంచి దుమ్ము లేచింది. ముసలాయన ఒక మాట అంటే గదంతా అందుకుంటోంది. తాళం బ్రహ్మాండంగా కుదిరింది. దీపం చిమ్నీ వణికింది. మంచం మీద మనిషి మాత్రం కదల్లేదు.

ఇంకా గట్టిగా కొట్టారు. ఎరాస్ట్‌కి జూరే తెలీదు. వాళ్ళ ఇళ్ళల్లో తపస్సు కాలంలో చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడతారు. అయినా బూటు కాలితో నేల తన్నాడు. ఎల్వీనియా పెదాలు నీలం తిరిగాయి, గోళ్ళు నీలం తిరిగాయి. చప్పట్లలో తాళం ఉంది గానీ గాలి లేదని అప్పుడు తెలిసింది. క్లెటస్ "అమ్మా" అని ఏడుపు మొదలుపెట్టాడు. లియాండర్ డబ్బా మీద పడి పట్టీ లాగుతున్నాడు. ఎరాస్ట్, ఇంకొకడు అతన్ని పట్టుకున్నారు.

ఓజెమీ మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. భయంతో కుక్కపిల్లలా రొప్పుతోంది. తల్లి మొహం మీదికి వంగి అలా రొప్పుతుంటే, ఎల్వీనియా రొమ్ము ఎగిసింది. చిన్నగా, వడిగా, అచ్చం అదే రొప్పుతో. కూతురి భయమే తల్లికి ఊపిరైంది.

"ఆపండి," అన్నాడు సిప్రియాన్. అందరూ ఆపారు. ఇద్దరి రొప్పులూ ఒకటిగా వినిపిస్తున్నాయి.

"నెమ్మదిగా ఓజెమీ, నెమ్మదిగా. నువ్వు భయపడితే ఆవిడ గుండె పగిలిపోతుంది," అన్నాడు ముసలాయన. భయపడవద్దని అనడం తేలికే. ఓజెమీ కళ్ళు మూసుకుని, పాలు చల్లార్చినట్టు తన ఊపిరిని చల్లార్చుకుంది. ఎల్వీనియా పెదాలకి రంగు వచ్చింది.

"గుక్కెడు కాఫీ ఉంటే పోయండి," అంది.

తపస్సు కాలమంతా అలాగే గడిచింది. ఓజెమీ ఇంట్లో ఉంటే చాలు. పెరట్లోకి వెళ్ళినా ఫరవాలేదు. గేటు దాటితే ఆవిడ ఊపిరి సన్నబడేది. రాత్రులు తల్లి మంచం మీదే పడుకునేది. పీడకల వచ్చినా ఉలిక్కిపడి లేవకూడదని నిద్రలోనే నేర్చుకుంది. లియాండర్ సాయంత్రాలు కంచె అవతల నిలబడేవాడు.

"గంట కొట్టగానే వస్తాను. ఆ డబ్బా తెరిచానంటే నువ్వు నడుచుకుంటూ మల్లెట్ దాకా వెళ్ళొచ్చు. తలుపులు ఎలా ఉన్నాయో చూద్దువుగాని," అనేవాడు.

మార్చి ఇరవై నాలుగు, శనివారం, మధ్యాహ్నం గంట కొట్టారు. కాల్చిన పంది తోలు వాసన ప్రెయిరీ మైదానమంతా కమ్మింది. లియాండర్ డబ్బా తెరిచాడు. అకార్డియన్ పెట్టింది పెట్టినట్టే ఉంది, ఒక్క మీట కూడా బిగుసుకోలేదు. అదే వాల్ట్జ్ ఎత్తుకున్నాడు. ఎల్వీనియా రొమ్ము లేచి దిగుతోంది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"వెళ్ళు ఓజెమీ," అన్నాడతను నవ్వుతూ.

ఓజెమీ మెట్లు దిగింది, వాకిలి దాటింది, గేటు తీసింది. ఎండ బాగుంది. నీటి గుంటల్లో కొంగలు నిలబడి ఉన్నాయి. దారి మీద అడుగు పెట్టి, ఇంకో అడుగు పెట్టింది. వెనక పాట వినిపిస్తూనే ఉంది, చక్కగా, ఎక్కడా తప్పకుండా. అప్పుడు క్లెటస్ అరిచాడు.

ఆమె గేటు మూయకుండా పరిగెత్తింది. లియాండర్ కళ్ళలో నీళ్ళు కారుతుండగా ఇంకా వాయిస్తున్నాడు. తిత్తి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎల్వీనియా రొమ్ము మాత్రం ఎండిన చెరువులా పడి ఉంది. ఓజెమీ గుమ్మంలోకి రాగానే ఆవిడ గుటక వేసి ఊపిరి తీసింది. తీసి, కూతురి వంక చూసింది. ఆ చూపులో భయం ఉందని కొందరన్నారు. ఎరాస్ట్ మాత్రం వాగు దాటేటప్పుడు, "ఆ పాత అకార్డియన్‌నే పట్టుకుని పీల్చుకోవచ్చు, ఆవిడే పీల్చుకోలేదు" అన్నాడట. అతను పోయిన తర్వాత కూడా ఆ మాట ఊళ్ళో తిరిగింది. నిజమేదో నాకు తెలీదు.

పెళ్ళిని వేసవికి వాయిదా వేశారు, తర్వాత వరికోతలకి, ఆ తర్వాత ఎవరూ వాయిదా కూడా వెయ్యలేదు. ఒకసారి లియాండర్ తానే ఇల్లరికం వస్తానన్నాడు. ఎల్వీనియా, "మంచం ఒకటే ఉంది నాయనా" అంది. ఓజెమీ వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టింది. ఆమె కాస్త గట్టిగా నిట్టూర్చినా తల్లికి దగ్గు వచ్చేది, అందుకని ఏడవడం కూడా మానేసింది.

శనివారాలు జరుగుతూనే ఉన్నాయి. లియాండర్ వాయించేవాడు, ఓజెమీ కాఫీ పోసేది.

ఎల్వీనియా 1962 అక్టోబరులో, వరికోతలు అయిపోయాక పోయింది. ఓజెమీ పక్కనే పడుకుని మామూలుగా ఊపిరి పీలుస్తోంది. ఊపిరికి లోటు లేదు, తీసుకోవడం ఆవిడే మానేసింది. ఓజెమీ లేచి చూసి, ముందు గేటు దాకా నడిచింది. ఆ తర్వాత గేటు అవతలికి. ఎవరూ అరవలేదు. అక్కడే చాలాసేపు నిలబడి, వెనక్కి వచ్చింది.

ఎల్వీనియా రాయించిన కాగితం ప్రకారం రోడ్డు పక్క పొలం క్లెటస్‌కి వచ్చింది. వెనకాల గుంటల భూమి, ఇల్లు, మంచం ఓజెమీకి వచ్చాయి. అకార్డియన్ క్లెటస్ చిన్నకూతురికి, కాఫీ గిన్నె ఎరాస్ట్ విడ్రిన్ భార్యకి, పాలిచ్చే ఆవు గుడికి. సిప్రియాన్ అప్పటికి లేడు, అతని పేరున రాసిన కుర్చీలు కొడుకులు పట్టుకుపోయారు. లియాండర్ పాపియోన్‌కి ఏమీ రాలేదు.