నా చేతి అతుకు

అడుగంటిన గిన్నె తోముతుంటే మా ఆయన గుమ్మంలోంచి నవ్వాడు. ఇంట్లో గిన్నే మాడ్చేదానివి, ఇక ఇనుమేం అతుకుతావన్నాడు. అత్తయ్య అందుకుంది. ఆ నిప్పురవ్వలకి మొహం నల్లబడితే తన కొడుకు పక్కన ఎలా నిలబడతానని ఆవిడ దిగులు. ఆయన పక్కన నిలబడటమే నా ఉద్యోగమైనట్టు. ఒళ్ళు మండిపోయింది. గిన్నె బోర్లించి బయల్దేరాను.

మా వెల్డింగ్ శిక్షణ కేంద్రాన్ని విదేశీ కంపెనీ, ఇక్కడి కంపెనీ కలిసి పెట్టాయి. సగం సీట్లు ఆడపిల్లలకివ్వాలని విదేశీ కంపెనీ షరతు. అతిథులొస్తే మమ్మల్ని మెషీన్ల ముందు నిలబెట్టి ఫోటోలు తీస్తారు. కారు గేటు దాటగానే మెషీన్లు మగపిల్లలకి, చీపుర్లు మాకు. చేతి తొడుగులు కూడా మగవాళ్ళ సైజే ఇచ్చారు. నా జత విప్పి చిన్నవిగా కుట్టుకుంటుంటే, తన చొక్కా గుండీకి మాత్రం తీరికుండదన్నాడు మా ఆయన. అవి తొడుక్కునే రోజు కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

ఈరోజు చివరి పరీక్ష. విదేశం నుంచి వచ్చిన టీచరమ్మ ఒక్కొక్కరి అతుకూ వంచి చూస్తుంది. నిలిస్తే ఫ్యాక్టరీలో ఉద్యోగం. పొద్దున్నే సూపర్‌వైజరు మమ్మల్ని పక్కకి పిలిచాడు.

"మీ ఇనప ముక్కలు మగపిల్లలు అతికి ఉంచారు. ఆవిడొచ్చినప్పుడు చేతికివ్వండి చాలు. ఫ్యాక్టరీలో మీకు వేరే పనులు చూస్తాలే."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆ ముక్క మీద గీత ఎంత నున్నగా ఉందో. జీతమొస్తే ఇంట్లో నోళ్ళు మూతపడతాయని ఆశపడ్డాను కూడా. కానీ వేరే పనులంటే ఏంటో నాకు తెలియదా? అక్కడా చీపురే.

ఆ ముక్కని బల్ల కిందికి తోసేసి, వేరే రెండు ముక్కలు తీసుకున్నాను. దూరం నుంచి చూసి నేర్చుకున్నదెంతో అంతే. తొడుగులేసుకుని, మెషీను పట్టి అతికాను. టీచరమ్మ వంచగానే అతుకు విరిగిపోయింది. మగపిల్లలు నవ్వారు. ఆవిడ ఏదో అడిగింది. ఎందుకిలా అయిందంటోందని సూపర్‌వైజరు చెప్పాడు. ఆవిడ భాష వచ్చింది అతనొక్కడికే.

"ఇన్నాళ్ళూ మెషీను నా చేతికివ్వలేదని చెప్పండి సార్."

అతను చాలాసేపు ఏదో చెప్పాడు. ఆవిడ జాలిగా నా భుజం తట్టి ముందుకు కదిలింది. నా మాట ఆవిడ దాకా వెళ్ళలేదని అర్థమైంది.

మూలనున్న చీపురు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఇక ఉద్యోగం రాదని తెలుసు, అయినా పెట్టాను. వరసగా నిలబడ్డ ఆడపిల్లల చేతులకున్న తొడుగులు చూపించాను. ఆవిడ ఒక్కో జత తొడుగులూ తిప్పి చూసింది. అన్నీ కొత్తవే. ఒక్క నిప్పురవ్వ మచ్చ ఉంది, నా తొడుగు మీద. అది ఇప్పుడే పడింది.