పనికి పిలిచినవాడు

రాదు, ఆవిడ రాదు, కాగితం పంపితే వచ్చే మనిషే అయితే మూడు వారాల కూలి కోసం తామిక్కడ పడిగాపులు కాయవలసిన ఖర్మేమిటి, అయినా తలుపు చప్పుడైనప్పుడల్లా డెసిడేరియో మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు, ఈసారీ నిర్మాత కొరీన్ కాదు, ఎవరో హోటల్లో గిన్నెలు కడిగే ఆయన, వాన్ నైస్ కార్మిక శాఖ ఆఫీసు నిండా ఇలాంటివాళ్లే, పక్క కుర్చీలో వెండెల్ చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు, ఇరవై ఏళ్లుగా తన కింద కెమెరా బండికి పట్టాలు పరుస్తున్నవాడు, సోమవారం, ఆరింటికి, పామ్‌డేల్, అని ఫోనులో మూడు ముక్కలు పంపితే చాలు, ఎవరి సినిమా, ఎంతిస్తారు అని అడగకుండా పనిముట్ల సంచీ తగిలించుకుని దిగిపోయేవాడు, వాడే కాదు, తన జట్టులో మిగతా ముగ్గురూ అంతే, ఇవాళ ఎక్కడో పని దొరికిందని రాలేదు గానీ, డెసీ పిలిచాడంటే డబ్బు ఎక్కడికీ పోదని వాళ్ల ధీమా, ఆ పేరు తెచ్చుకునేసరికి తన మోకాళ్లు అరిగిపోయాయి.

షూటింగు ఆఖరి రోజున వెండెల్ చెప్పనే చెప్పాడు, పట్టాలు ఎత్తేద్దామన్నా, మొదటి వారం డబ్బే ఇంకా రాలేదు, ఇంకొక్క షాటు మిగిలి ఉండగా పని ఆపి కూర్చుంటేనే మనకు విలువ, లేచామా, అయిపోయాం, అని, అంతలో కొరీన్ పరుగెత్తుకొచ్చింది, ఎడారి గాలికి జుట్టంతా మొహాన పడుతుంటే, డెసీ, మా నాయన కదూ, పొద్దు గూకుతోంది, ఈ ఒక్కటీ కానిచ్చావంటే శుక్రవారానికల్లా అందరికీ చెక్కులు, నీమీద ఒట్టు, అంది, అప్పుడు తనేం చేశాడు, పెద్దరికానికి పోయాడు, ఆఖరి షాటు వదిలేసి వెళ్లినవాణ్ణి ఈ ఊళ్లో మళ్లీ ఎవరూ పిలవరు మరి, కానివ్వండ్రా అన్నాడు, నలుగురూ నోరెత్తకుండా లేచారు, షాటు దివ్యంగా వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు, తనూ కొట్టాడు, సిగ్గు లేకపోతే సరి, శుక్రవారం వచ్చింది, పోయింది, కొరీన్ ఫోను మోగి మోగి ఊరుకునేది, అసలావిడ కంపెనీ ఆ ఒక్క సినిమా కోసం పెట్టినదేనట, ఇప్పుడు దాని పేరు మిగిలింది తప్ప బ్యాంకులో చిల్లిగవ్వ లేదట.

పిలిచారు, ఇద్దరూ లోపలికి వెళ్లారు, అధికారిణి మంచి మనిషే, అవతలి పక్షం రాలేదని రాసుకుంది, రాకపోయినా విచారణ జరుగుతుందనీ, తీర్పు మీకే రావచ్చుననీ, కాకపోతే ఆ కంపెనీ ఖాళీగా ఉంటే వసూలు కష్టమనీ మెల్లిగా చెప్పింది, ఎవరికో జబ్బు సంగతి చెబుతున్నట్టు, తరువాత కాగితాలు తిప్పుతూ ఆగి, డెసిడేరియో అంటే మీరేనా, అంది, అవునండీ, నాకూ మూడు వారాలది రావాలి, అన్నాడు, ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ఈ నాలుగు ఫిర్యాదుల్లోనూ పనిలోకి తీసుకున్న మనిషి అన్నచోట మీ పేరే ఉంది, అంది, డెసిడేరియో వెండెల్ వైపు తిరిగాడు, వెండెల్ అప్పుడు నోరు విప్పాడు, అదే కదన్నా అడిగారు, ఎవరు పిలిచారని, నువ్వే కదా పిలిచావు, ఆ నిర్మాత ఎవరో నాకేం తెలుసు, అన్నాడు, ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది, తనూ తిరిగి నాలుగు తిట్టి తేలికపడేవాడు, కోపం లేదు, ఉన్నమాట చెప్పాడంతే, నేనూ మునిగినవాణ్ణేరా అనబోయి, బల్ల మీది కాగితాల్లో తన పేరున్న చోటు వైపు చూశాడు, ఇన్నాళ్లూ ఆ నలుగురి ఇళ్లలో అద్దె కట్టలేక గొడవ పడ్డప్పుడల్లా అందరూ కలిసి కొరీన్‌నే తిట్టుకుంటున్నారని అనుకున్నాడు, ఆ ఇళ్లలో కొరీన్ అనే పేరే ఎవరూ ఎరగరు, వాళ్ల డబ్బు ఎగ్గొట్టినవాడు డెసీ.