పందొమ్మిది నంబరు పానా

తిత్లీ తుఫాను వెళ్లిన ఏడాది మాట. కోటబొమ్మాళి దగ్గర మా రైసుమిల్లులో పనిముట్ల గది థామస్‌ది. గోడ చెక్క మీద ప్రతి పానా బొమ్మా ఎర్రరంగుతో గీసి, ఆ బొమ్మ మీదే ఆ పానా వేలాడదీసేవాడు. అడగకుండా వాటి మీద వాలిన ఈగను టెక్కలిదాకా తరిమి వచ్చాడని నేను చెబితే ఊరంతా నమ్మింది.

అలాంటి చెక్క మీద ఆ ఉదయం పందొమ్మిది నంబరు బొమ్మ ఖాళీ. మర బెల్టు వదులైంది, బిగించాలంటే ఆ పానాయే కావాలి. బయట వడ్ల ట్రాక్టర్లు నిలిచిపోయాయి. యజమాని జగన్నాధం సెల్‌లో టైము చూస్తాడు, మమ్మల్ని చూస్తాడు.

"నిన్న బెల్టు కాడున్నోడు గంగరాజే," అన్నాడు థామస్.

"నాను ముట్టుకోలేదు మావా," అన్నాడు మర దగ్గర పనిచేసే కుర్రాడు గంగరాజు.

"మరి దానికి కాళ్లొచ్చి ఎల్లిపోనాదేటి?"

జగన్నాధం తేల్చేశాడు. "ఒంటిగంటకి పానా రాకపోతే రేపట్నుంచి పన్లోకి రాకు గంగరాజూ."

గంగరాజు వెతికిన చోటే మళ్లీ వెతుకుతున్నాడు. అది చూసి థామస్‌కి కాలు నిలవలేదు. చెక్క దాకా వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. చివరికి నా చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఓపాలి మా ఇంటికెల్లొద్దాం, రా."

ఇంటి సంగతి వేరు. అక్కడ సుత్తి బియ్యం డబ్బాలో, పట్టకారు తలగడ కింద. ఆ ఇంట్లోకి స్క్రూడ్రైవరు కోసం వెళ్లిన మా తమ్ముడు మూడోనాడు గడ్డంతో బయటపడ్డాడు. థామస్ మంచం ఎత్తాడు, కుట్టుమిషను జరిపాడు.

చేపలు తోముతున్న అతని భార్య జ్ఞానసుందరి తలెత్తలేదు. "ఏటెతుకుతన్నావు?"

"పందొమ్మిది పానా."

"నంబర్లు నాకేటి తెలుస్తాయి? నిన్న రేతిరి మేకల దొడ్డి గడియ ఇరిగితే ఓ పానా అడ్డం దూర్సి, రేపు బోల్టేస్తానన్నావు. అదేనా?"

అదే. దొడ్డి తలుపు నేను తాడుతో కట్టేలోగా థామస్ పానా పట్టుకుని సందు దాటేశాడు.

దారిలో అడిగాడు. "సల్లగా మర కింద పడీసి, ఇప్పుడే దొరికినాదంటే?"

"నాను నోరిప్పన్లే. కానీ సాయంత్రం దాకా ఆపుకోగలనో లేదో," అన్నాను.

మిల్లు గుమ్మంలో గంగరాజు అప్పటికే తువ్వాలు భుజాన వేసుకుని, అన్నం క్యారేజీ చేతపట్టుకుని నిలబడ్డాడు. థామస్ మర వైపు వెళ్లలేకపోయాడు.

"నానే అట్టుకెల్లినాను," అన్నాడు జగన్నాధంతో. "మేకల దొడ్డికి గడియేసినాను. ఆడ్నన్నాను, తప్పు నాది."

జగన్నాధం సెల్‌లో టైము చూశాడు. "ముందు బెల్టు బిగించు."

మర కదిలాక థామస్ మొలతాడుకున్న గది తాళంచెవి విప్పి గంగరాజు చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే థామస్‌కి పన్నెండు నంబరు పానా కావలసి వచ్చింది.

"దేనికి మావా? మరకా, మేకలకా?" అన్నాడు గంగరాజు.

"మరకేరా," అని థామస్ గడప బయటే కాళ్లు మారుస్తూ నిలబడ్డాడు.