తట్టితే వదిలేసినట్టే

రాద్మిలో పొడుగు కర్ర సుత్తితో రైలు ఏడో పెట్టె చక్రాన్ని కొట్టాడు. మోగాల్సింది ఒక్కసారి, మోగింది రెండుసార్లు. చెయ్యి వణికి సుత్తి తిరిగి తగిలింది. బాగున్న చక్రం గంటలా పలుకుతుంది, పగిలింది చిల్లుగిన్నెలా చప్పుడు చేస్తుంది. రెండు దెబ్బలు కలిసిపోతే ఏదీ తేలదు. మళ్లీ కొట్టాడు. గంట వినిపించిందో, వినిపించాలనుకున్నాడో, బాగుందని సుద్దతో గీత గీసేశాడు.

"నీ పీక నొక్కా!" అని కుడిచేతిని తిట్టాడు. చేతికి పీక ఉండదని కోపానికి ఎవరు చెప్తారు?

మీసం మొలిచిన నాటినుంచి లాపోవో రైల్వే యార్డులో చక్రాలు కొట్టి చూసే పని అతనిదే. నూనె మరకల కోటు, ఉబ్బిన వేలి కణుపులు, ఎండిన మొహం. పట్టాల మీద బతుకే గానీ పట్టా ఉన్న బతుకు కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పని దిగి, సుత్తితోనే స్నేహితుడు త్వెట్కో ఇంటికి పోకర్‌కి వెళ్లాడు. వంటింటి బల్ల చుట్టూ నలుగురు: త్వెట్కో, అతని భార్య దెసంక, యార్డు మేస్త్రీ మోమిర్, రాద్మిలో. పందేనికి చిక్కుడు గింజలు. ఓడినవాళ్లు వచ్చే ఆదివారం వాటిని వండి తేవాలి. పేకాటలో సగం పేక, సగం పేచీ. పేచీలకు తీర్పరి రాద్మిలోయే. బల్ల మీద తట్టితే ఆ ఆట వదిలేసినట్టే అన్న నియమం పెట్టింది అతనే. ఒకసారి దెసంక కాఫీ కప్పు టక్కున పెట్టిందని ఆమె చేత మూడు ఆసులు కింద పెట్టించాడు.

ఇవాళ అతనికి నలుగురు రాణులు వచ్చారు. ఒక్క పెళ్లామే నిలవని చేతికి నలుగురు! ఆ సంబరానికి చెయ్యి ఊగి, కణుపులు బల్లకి తగిలాయి.

"తట్టావ్," అన్నాడు త్వెట్కో.

"తట్టలేదు."

"మా చెవులకి తట్టింది మరి."

"ఒరేయ్, తట్టలేదంటున్నానా!" గింజలు ఎగిరేలా అరిచాడు రాద్మిలో.

దెసంక కిసుక్కున నవ్వింది. "నా కప్పుకో నియమం, నీ చేతికో నియమమా అన్నయ్యా?"

"నీ కప్పు నువ్వు పెట్టావ్! ఇది నేను కొట్టింది కాదు, దానంతటదే..."

ఎదురుగా మేస్త్రీ. మాట పూర్తిచేస్తే సుత్తి పోతుంది, మింగేస్తే రాణులు పోతారు.

మోమిర్ రకియా సారా గ్లాసు దించాడు. "దానంతటదేనా? ఎన్నాళ్లనుంచి?"

జవాబు చెయ్యే చెప్పింది, బల్ల మీద టకటకమని. ఈసారి అందరూ చూశారు.

"పోన్లే అన్నయ్యా," దెసంక గొంతు మెత్తబడింది. "ఆ నియమం తీసేద్దాం. నువ్వాడు."

ఆ మెత్తదనమే అతన్ని భగ్గుమనిపించింది. "జాలిపడి ఆట దానమిస్తావా? ఈ చెయ్యి కొట్టిన చక్రాల మీద జనం ఎక్కుతారు. వాళ్లకీ పోన్లే అంటావా?" రాణుల్ని వెల్లకిలా పరిచేశాడు. "తట్టాను! వదిలేశాను!" మోమిర్ వైపు తిరిగాడు. "సాయంత్రం బండి కదిలేలోపు ఏడో పెట్టె ఇంకొకడి చేత కొట్టించు. నా గీతని నమ్మకు."

కోటు తొడుక్కున్నాడు. ఒక్క బొత్తామూ పడలేదు. పెట్టబోయిన దెసంక చేతిని విదిలించి, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు.

యార్డుకి పరిగెత్తబోయిన మోమిర్ గుమ్మం దగ్గర ఆగాడు. గోడకి ఆనించి ఉంది పొడుగు కర్ర సుత్తి. ఒక్క అరచెయ్యి పట్టేంత మేర కర్ర నల్లబడి, గుంటపడి, నున్నగా అరిగి ఉంది.