తోక గెలిచిన పందెం

టోర్‌బెన్ మళ్లీ ఆగాడు. ఈసారి ఒక తలుపు కోసం.

తలుపు పాతదే, కాదనలేం. చెక్క నల్లబడి, మేకుల తలలు తుప్పు కారి, మధ్యలో ఇనుప సింహం నోట కడియం కరచుకుని ఉంది. అయితే ఆ కొండల్లో తలుపులన్నీ పాతవే. డెన్మార్క్ నుంచి వచ్చిన ఆ పొడుగాటి పెద్దమనిషి పొద్దుటినుంచి తలుపులకూ పిల్లులకూ, కిటికీల్లో ఆరేసిన దుప్పట్లకూ ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. అతని వెనక, ఒక కాలు సైకిలు పెడలు మీద, ఒక కాలు రాళ్ల మీద ఆనించి ఒలింతో అనేవాడు పళ్లు కొరుకుతూ నిలబడ్డాడు.

నిలబడటమే అతని ఉద్యోగం. కొండలెక్కి పాత ఊళ్లన్నీ సైకిళ్ల మీద చూద్దామని వచ్చే విదేశీయుల గుంపుకు ముందు జినేవ్రా అనే అమ్మాయి దారి చూపిస్తుంది. ఆఖరున ఒలింతో. అందరికన్నా నెమ్మదిగా పోయేవాడికన్నా నెమ్మదిగా పోవాలి. చక్రాలకు పంక్చర్లు వేయాలి, జారిన గొలుసులు ఎక్కించాలి, సగం కొండలో కూలబడి ఏడ్చేవాళ్లకు ఎండు అత్తిపళ్లు పెట్టి ఊరడించాలి. కుర్రతనంలో సైకిలు పందేల జట్టులో ఉన్నప్పుడూ అతని పని వెనకే, గెలిచేవాడికి నీళ్లసీసాలు మోయడం. తన పెళ్లికి కూడా పెళ్లికూతురు, ఆమె మేనత్తలు, ఒక కుక్క చర్చిలోకి వెళ్లాకే చేరాడని చెప్పుకుంటారు. కుక్క సంగతి కల్పించి ఉండవచ్చు. మిగతాది నిజం.

మనిషి పొట్టి. పిక్కలు పేనిన తాళ్లలా ఉంటాయి. ముక్కు మీద చర్మం ప్రతి వేసవికీ ఊడి, ప్రతి చలికాలానికీ కొత్తది వస్తుంది. అరచేతి గీతల్లో నూనె మసి ఎంతగా ఇంకిపోయిందంటే, చేయి చూసి జాతకం చెప్పే మనిషి ఒకామె దాన్ని తుడవలేక లేచి వెళ్లిపోయింది. అతన్ని ఆ లోయంతా తోక అనే పిలుస్తుంది. ఆ కొండల్లో అసలు పేరు పాదిరికీ, పన్ను గుమాస్తాకీ. మిగతా లోకానికి ఇంకో పేరు.

"తలుపు... చాలా అందం," అన్నాడు టోర్‌బెన్, వచ్చీరాని భాషలో.

"అందమే సార్. రేపు కూడా ఇక్కడే ఉంటుంది. పదండి బాబూ, పదండి."

తొందర ఊరికే కాదు. అక్టోబరు మొదటి ఆదివారం అది. ఆ యేటి ఆఖరి యాత్ర. గుంపు భోజనం కొండ మీద రోక్కాస్పీనాలో. ఆ ఊరి కోటవాకిలి పక్కన మిడత అని అందరూ పిలిచే మనిషికి సైకిళ్లు బాగుచేసే కొట్టుంది. మిడతా, ఒలింతో ఒకప్పుడు ఒకే జట్టులో సీసాలు మోసినవాళ్లు. ఏటా ఈ ఆదివారం ఇద్దరూ కొండ కింద రాతి తొట్టి దగ్గర కలుసుకుని, కోటవాకిలి దాకా పందెం వేసుకుంటారు. మధ్యాహ్నం చర్చి గంట మోగేలోగా తొట్టి దగ్గరికి రానివాడు ఓడినట్టే. ఓడినవాడు గెలిచినవాడి సైకిలును భుజాన వేసుకుని, ఊరంతా కుర్చీలు వేసుకుని చూస్తూ ఉండగా, హోటలు దాకా మోయాలి.

ఇన్నేళ్లుగా మోస్తున్నది ఒలింతోనే. పొద్దున్నే లేచి ఎవడో ఒక టోర్‌బెన్ వెనక ఈడ్చుకుంటూ వచ్చినవాడు, హాయిగా కాఫీ తాగి దిగివచ్చినవాడితో ఎక్కడ సరితూగుతాడు? మిడత సైకిలు కడ్డీ అతని భుజం మీద చిన్న లోయ తవ్వింది. వాన పడితే అందులో పిచ్చుకలు నీళ్లు తాగుతాయని మిడత ఊరంతా చాటాడు.

ఈ యేడు అలా కాదు. వసంతం నుంచి ఒలింతో బరువు తగ్గాలని జున్ను మానేశాడు. సెలవురోజుల్లో ఎవరూ చూడని కొండ వెనక బాటలో ఎక్కి దిగాడు. ఈ ఒక్కసారి మిడత భుజం మీద తన సైకిలు చూడాలి. అంతే కావాలి. మోకాళ్లు ఇంకో యేడు ఓర్చుకునేలా లేవు.

టోర్‌బెన్ ఇప్పుడు తలుపు పక్క గోడకేసి చూస్తున్నాడు. నల్ల అంచుల కాగితం ఒకటి అంటించి ఉంది.

"ఇది... సంగీతం కచేరీ?"

"కాద్సార్. ఎవరో పోయారు. మా దగ్గర మనిషి పోతే గోడకెక్కిస్తాం." ఒలింతో మెడ చాచి చదివాడు. పేరు, ఎవరిస్తో పండోల్ఫీ. ఈ రోజు మూడింటికి అంత్యక్రియలు, రోక్కాస్పీనా చర్చిలో. "ఎవడో పాపం. ఈ చుట్టుపక్కల నాకు తెలీనివాడు లేడు, వీడెవడో మరి! పట్నంలో బతికి, పాతిపెట్టడానికి మా మట్టి కావాలనే రకం అయ్యుంటాడు." గబగబా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని పెడలు తొక్కాడు.

వంతెన దాటాక తెల్ల కంకరబాట మొదలైంది. కంకరలో టోర్‌బెన్ వెనక చక్రం బుస్సుమని కూలిపోయింది. ఒలింతో ఆకాశంకేసి చూసి, ఏ పుణ్యాత్ముడి పేరూ వదలకుండా తిట్టాడు. టైరు ఊడదీశాడు. టోర్‌బెన్ సాయం చేయబోయి పంపు తలకిందులుగా పట్టుకున్నాడు.

"వద్దు బాబూ! మీరు ఆ పిల్లిని ఫొటో తీసుకోండి!"

జేబులో ఫోను మోగింది. జినేవ్రా.

"ఒలింతో మామా, ఎక్కడ? మేం పైకొచ్చేసి చాలాసేపైంది. సూప్ చల్లారిపోతోంది."

"చల్లారితే గొంతు కాలదు, మంచిదే. పెట్టెయ్."

"మామా, ఆయన్ని మాత్రం వదిలి రాకు. పోయినసారి..."

పెట్టేశాడు. వంతెన గోడ మీదా అదే నల్లంచు కాగితం. తర్వాతి మలుపులో ఇంకొకటి. తీగతోటల కంచె మీద ఇంకొకటి. ఒలింతోకు ఒళ్లు మండింది. బతికుండగా ఎవరికీ తెలియనివాడికి చచ్చాక ఇంత హంగామా ఏమిటి? తను పోతే ఒక్క కాగితం చాలు, అదీ వెనకవైపు గోడకు.

తొట్టి దగ్గరికి వచ్చేసరికి గంట ఇంకా మోగలేదు. అమ్మయ్య! ఒలింతో చన్నీళ్లు మొహాన కొట్టుకుని చుట్టూ చూశాడు. తొట్టి అంచున తేనెటీగలు తప్ప ఎవరూ లేరు. అప్పుడు పై నుంచి గంట మోగింది. లోయంతా తిరిగి వచ్చి ఆగిపోయింది.

గెలిచాడు. కాని ఎదుట ఓడినవాడు లేని గెలుపు నోటికి పుల్లగా తగిలింది. మిడత ఊరికే ఊరుకునే రకం కాదు. మొదటి మలుపు వెనక పొంచి ఉంటాడు; తను సైకిలు దిగి నీళ్లు తాగుతుండగా "హోయ్" అని దూసుకుపోతాడు.

"సార్, మీరు మెల్లిగా రండి. దారి ఒకటే, తప్పడానికి లేదు. ఈ ఒక్కసారికి నేను ముందు."

టోర్‌బెన్ తలూపాడు. అతనికి తొట్టి మీద చెక్కిన తేదీ కనిపించింది మరి.

రోక్కాస్పీనా కొండ ఎంత నిటారుగా ఉంటుందంటే, పైన చేతి నుంచి జారిన గుమ్మడికాయ కింది ఊరి సంతకు దానంతట అదే చేరి, మంచి ధర పలుకుతుందంటారు. ఒలింతో జీనులో కూర్చోలేదు. నిలబడి తొక్కాడు. మొదటి మలుపు, మిడత లేడు. రెండోది, లేడు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. చెమట కళ్లలోకి దిగి బాట మసకబారింది. ఓక్‌చెట్ల నీడలో ఎవరో ఉన్నట్టు అనిపించినప్పుడల్లా ఇంకా గట్టిగా తొక్కాడు. పట్టు వదలకుండా, ఎవరి వెనకా కాకుండా, ఒక్క మనిషి చక్రపు దుమ్ము కూడా మింగకుండా కోటవాకిలిలోకి దూసుకుపోయాడు.

కుర్చీలు లేవు. చప్పట్లు లేవు. మిడత కొట్టు రేకు దించి ఉంది.

మెట్ల మీద నల్లబట్టల్లో మిడత భార్య దెల్ఫీనా నిలబడి ఉంది. వగర్చడంలో ఒలింతోకు ఆమె నల్లబట్టలు కనబడలేదు, ఆమె మాత్రమే కనబడింది.

"వదినా! ఎక్కడ వాడు? గంట మోగకముందే తొట్టి దగ్గరున్నా! బయటికి రమ్మను, సైకిలు మోయాలి!"

ఆమె ఒక మెట్టు దిగింది.

"దారిలో కాగితాలు చూళ్లేదా తోకా?"

"ఏ కాగితాలు? ఆ పండోల్ఫీ ఎవడో, వాడివా?..."

"ఆయనే."

ఒలింతో సైకిలు గోడకు ఆనించబోయాడు. అది జారి పడింది. లేపలేదు.

"మిడత అని వేయించమని అల్లుడికి చిలక్కి చెప్పినట్టు చెప్పా," అంది దెల్ఫీనా. ఆమె గొంతులో ఏడుపు కన్నా కోపమే ఎక్కువ. "అల్లరిపేరు గోడమీద ఏం మర్యాదగా ఉంటుందన్నాడు పట్నం బాబు. వంతెన దగ్గర్నుంచి నా చేతుల్తో నేనే అంటించా. పొద్దుట్నుంచి ఎవడొచ్చినా ఎవరమ్మా ఈయన, పాపం, అనేవాడే! మీ కంపెనీకి ఫోను కూడా చేయించా. తోక ఉన్నాడా అంటే, అలాంటివాళ్లెవరూ లేరన్నారట. నీ అసలు పేరేంటో నాకేం తెలుసు?"

"ఒలింతో," అన్నాడతను.

"ఎప్పుడూ చెప్పలేదే."

"ఎవరూ అడగలేదు వదినా." చెమట తుడుచుకుని, "ఎప్పుడు?" అన్నాడు.

"శుక్రవారం. నెలరోజులుగా ఈ కొండ ఎక్కుతూనే ఉన్నాడు. ఈ యేడు తోక జున్ను మానేశాడట, వాడితో జాగ్రత్త అంటూ. ఆ పొద్దున ఒకసారి ఎక్కాడు. దిగి ఇంకోసారి ఎక్కుతా అని ఈ గోడ మీదే కూచున్నాడు. నేను నీళ్లు తెచ్చేలోగా..." ఆమె చేయి ఇటూ అటూ ఊపింది, ఈగను తోలినట్టు.

"వెధవ," అన్నాడు ఒలింతో. "రెండ్రోజులు ఆగలేకపోయాడా? నేను... ఇన్నేళ్లు..." ఎవరి మీద కోపమో తెలియక, పడిపోయిన సైకిలు చక్రాన్ని కాలితో తన్నాడు. అది తిరిగి తిరిగి ఆగింది.

జేబులో ఫోను మోగింది. "మామా! నువ్వు పైకొచ్చావని ఎవరో అన్నారు. డెన్మార్క్ ఆయనేడీ? ఆయన్ని వదిలేశావా?"

ఒలింతో కొండ కిందకి చూశాడు. సగం దారిలో ఒక పొడుగాటి మనిషి సైకిలు నడిపించుకుంటూ, ఓక్‌చెట్టు కింద ఆగి దేన్నో ఫొటో తీస్తున్నాడు.

"వెళ్తున్నా," అన్నాడు. తర్వాత దెల్ఫీనాతో, "మూడింటికి వస్తా వదినా. అందరూ నడిచాక ఆఖర్న నడుస్తా. వెనక ఎవరో ఒకరుండాలిగా."

అతని చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. కొండగాలి చల్లగా తిరిగింది. దిగుడులో గుండెకు చలి తగలకుండా చొక్కాలో దినపత్రిక దోపుకోవడం ఆ కాలం సైకిలువాళ్ల అలవాటు. దెల్ఫీనా లోపలికి వెళ్లి ఒక పత్రిక తెచ్చి ఇచ్చింది.

"పెట్టుకో. జ్వరమొస్తుంది. ఆయన చొక్కాలోంచి తీసిందే. పారేయబుద్ధి కాలేదు."

ఒలింతో దాన్ని అందుకుని, చొక్కా జిప్పు సగం దించి, గుండెకు ఆనించుకున్నాడు. మళ్లీ తీశాడు.

"ఇది వాడి కొలత వదినా. నాకు సరిపోదు."

గోడ మీద పెట్టి, చొక్కా అలాగే తెరిచి ఉంచుకుని, టోర్‌బెన్ కోసం కొండ దిగిపోయాడు.

శుక్రవారం నాటి పత్రిక ఆ గోడ మీద ఉండిపోయింది. గాలి ఒక్కో అంచూ లేపి చూస్తోంది గాని, కాగితం చదునుగా పడుకోలేదు. ఒక మనిషి పక్కటెముకల వంపును ఇంకా పట్టుకునే ఉంది.